గడ్డి లేనిచోట గోల్ఫు

మేం పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఎండ ఉంది, వేడి లేదు. ఉత్తర సిక్కింలో, పదిహేను వేల అడుగుల పైన, ఒక రాతి గట్టు మీద మూడు బంకర్లు. చుట్టూ మంచు. ట్రక్కు దిగినచోటి నుంచి రెండు రోజుల నడక. వీపు మీద మూట, మెడలో రైఫిల్, కాళ్లకు జత మీద జత మేజోళ్లు. చివరి ఎక్కుడులో నాలుగడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకున్నాను. పాత బ్యాచ్ వాళ్లు అప్పటికే మూటలు కట్టుకుని సిద్ధంగా ఉన్నారు. పోస్టు చేతులు మారడం అరగంటలో అయిపోయింది. వాళ్లు దిగిపోయారు. మేం మిగిలాం.

డెబ్బైల చివరి మాట ఇది. ఇప్పుడు హన్మకొండలో నేను ఫౌజీనని తెలిసిన ప్రతివాడూ అడిగేది ఒకటే. "ఎంతమందిని చంపినవే?" ఎవరినీ చంపలేదు. ఆ చలికాలమంతా నేను చేసిన ముఖ్యమైన పని కళ్లు మూసుకుని గోల్ఫు ఆడటం. చెబితే నవ్వుతారు. నవ్వండి, కానీ పూర్తిగా విని నవ్వండి.

మాది వరంగల్ కొత్తవాడ. ఇంటిల్లిపాదీ మగ్గం మీద బతికినవాళ్లం. ఎనిమిదేళ్లప్పుడే నన్ను మగ్గం గుంటలో కూర్చోబెట్టారు. పెద్దయ్యాక ఫౌజులో చేరాను. మొదటి పోస్టింగ్ సికింద్రాబాద్. అక్కడ ఆఫీసర్ల గోల్ఫు మైదానంలో గడ్డి కోసే డ్యూటీ పడింది. ఒక కెప్టెన్ సాబ్ సాయంత్రాలు ఒంటరిగా ఆడేవారు. ఒకరోజు సరదాకి కర్ర నా చేతికిచ్చారు. బంతి ఎంత దూరం పోయిందో చూసి ఆయన టోపీ తీసి తల గోక్కున్నారు. ఆ రోజు నుంచి గడ్డి కోయడం సగం, బంతి కొట్టడం సగం.

అప్పుడే మా యూనిట్‌కు సిక్కిం ఆర్డర్ వచ్చింది. కెప్టెన్ సాబ్ సికింద్రాబాద్‌లోనే ఉండిపోయారు. పోయేముందు పిలిచి చెప్పారు. "చలికాలం అయిపోగానే ఇక్కడి జట్టుకు ఎంపిక పెడతాం. నిన్ను పిలిపిస్తాను. ఎంపికైతే పోస్టింగ్ ఇక్కడే, ఫ్యామిలీ క్వార్టర్ కూడా."

ఆ క్వార్టర్ నాకు ఎందుకు కావాలో ఆయనకు తెలుసు. నా భార్య సరోజనకు గుండె జబ్బు. చిన్నప్పుడు కీళ్ల జ్వరమొచ్చి గుండెలో కవాటం పాడైందని దవాఖానలో చెప్పారు. బిందెడు నీళ్లు మోస్తే గోడకు ఒరిగి నిలబడేది. సికింద్రాబాద్ ఫౌజీ దవాఖానలో ఆపరేషన్ చేస్తారు. కానీ ముందు నెలల తరబడి చూపించాలి, దగ్గరుండి తిప్పాలి. కొత్తవాడ నుంచి ఆమె రైలెక్కి ఒక్కతే పోలేదు, మా తమ్ముడు మగ్గం వదిలి తిప్పలేడు. బదిలీకి అర్జీ పెట్టాను. నా ముందు చాలామంది ఉన్నారన్నారు. ఇక మిగిలిన దారి గోల్ఫు కర్ర ఒక్కటే.

"సాబ్, అక్కడ మంచు తప్ప ఏమీ ఉండదట. చలికాలమంతా కర్ర పట్టకపోతే చెయ్యి మరిచిపోదా?" అన్నాను.

"కర్ర అక్కర్లేదు," అన్నారాయన. "రోజూ కళ్లు మూసుకో. గడ్డి చూడు. బంతి మీద గుంటలు కూడా కనపడాలి. చేతులు వెనక్కి పోవడం, నడుము తిరగడం, దెబ్బ, అంతా లోపల చూడు. నిజంగా కొట్టినట్టే ఒంటికి ఎక్కుతుంది. ఇంకొకటి. నీ ఒంటికి చిన్నప్పటి నుంచి తెలిసిన లయ ఏదైనా ఉంటే దానితో కలుపు."

నాకు తెలిసిన లయ ఒక్కటే. మగ్గం.

పోస్టులో పని తెల్లవారుతూనే మొదలు. రాత్రి పడ్డ మంచును తలుపు ముందు నుంచి తవ్వాలి. మంచు కరిగించి నీళ్లు చేయాలి. కిరోసిన్ పొయ్యి పొగకు ముక్కులో నుంచి నల్లగా వచ్చేది. కాపలా గంటసేపే, అంతకు మించి ఎవరూ నిలబడలేరు. ఎనిమిదింటికి రేడియో. ఆపరేటర్ కేసముద్రం మనిషి, నాకన్నా నాలుగైదేళ్లు పెద్ద. ఆ గట్టు మీద తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. ఆయన సెట్టు ముందు కూర్చుని "అంతా క్షేమం, ఓవర్" అని రోజూ అదే మాట కిందికి చెప్పేవాడు.

రేడియో అయ్యాక నా సాధన. బంకర్ కప్పు తలకు తగిలేది, నిలబడి చెయ్యి ఎత్తే వీలు లేదు. అందుకే తూటాల పెట్టె మీద కూర్చునేవాణ్ని. చేతులు శరీరానికి అంటి ఉండాలని రెండు చంకల్లో తువ్వాలు ఇరికించుకునేవాణ్ని. పార కర్రను గోల్ఫు కర్రలా పట్టుకుని, కళ్లు మూసుకుని, మనసులోనే మగ్గం నడిపేవాణ్ని. కాలు తొక్కాను, చేతులు వెనక్కి. తాడు గుంజాను, దెబ్బ. టక్. బంతి లేచింది. మళ్లీ కాలు తొక్కాను. మంచు గాలికి బంకర్ తలుపు ఊగిపోతున్నా నా కళ్ల ముందు పచ్చగడ్డే. బంతి ఎగిరి గుంత దగ్గరి జెండా పక్కన పడటం రోజూ చూశాను. అంత స్పష్టంగా నేను దేవుణ్ని కూడా ఎప్పుడూ తలుచుకోలేదు.

"ఏం చేస్తాన్నవ్ తమ్మీ?" అని ఆపరేటర్ మొదట భయపడ్డాడు. పైన గాలి పలచన, మనుషులకు మతి తప్పడం మామూలే.

"గోల్ఫు ఆడుతాన్న అన్నా."

"గడ్డి లేదు, బంతి లేదు, కొట్టుడు మాత్రం ఉన్నదా?" అన్నాడు. సంగతి చెప్పాను. సరోజన గురించి కూడా చెప్పాను. ఆయన మళ్లీ వేళాకోళం చేయలేదు. తర్వాతి రోజు నుంచి రేడియో కట్టేయగానే తూటాల పెట్టె మీద దుప్పటి మడిచి పెట్టేవాడు. పోస్టుకు పెద్ద అయిన సుబేదార్ సాబ్ మాత్రం వదల్లేదు. "ఏయ్ గోల్ఫు, నీ మైదానం మీద మంచు పడ్డది, పోయి తవ్వు," అని అరిచేవాడు. అయినా నన్ను కిందికి పంపమని ఆర్డర్ వచ్చినప్పుడు, ఒక్క పూట కూడా ఆలస్యం చేయకుండా పంపింది ఆయనే.

ఆర్డర్ విని ఆపరేటర్ హెడ్‌ఫోన్ కూడా తీయకుండా కేకేశాడు. "పిలిచిన్రు తమ్మీ! పో, సదురుకో!" ఆ రోజు వంటవాడు దాచిన పాలపొడి డబ్బా విప్పి చాయ్ పెట్టాడు. ఆ చలికాలంలో నేను నిజంగా సంతోషపడ్డది ఆ ఒక్క పూటే.

సికింద్రాబాద్‌లో ఎండలు ముదిరాయి. మైదానంలో గడ్డి చూసేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. కెప్టెన్ సాబ్ వెనక నిలబడ్డారు. ఊపిరి పీల్చి కొట్టాను. బంతి కొద్దిగా లేచి కుడిచేతి పొదల్లో పడింది. ప్రయాణ బడలిక అనుకున్నాం. రెండోదీ అంతే. పదోదీ అంతే. పోయేముందు కంటికి ఆననంత దూరం కొట్టినవాణ్ని. ఆర్నెల్లు సాము నేర్చి మూలనున్న ముసలమ్మను కొట్టినట్టు అంటారు. నాకు ముసలమ్మ కూడా దొరకలేదు.

కెప్టెన్ సాబ్ పక్కకొచ్చి నా చేతులు చూశారు. "దెబ్బ తగలగానే ఎందుకు ఆపేస్తున్నావు? చేతులు భుజం మీదికి పోనీ."

"ఆపట్లేదు సాబ్."

"ఆపుతున్నావు. ఏ లయతో సాధన చేశావు?"

"మగ్గం సాబ్." చెప్పి, చేత్తో చూపించాను. చూపిస్తుండగానే నాకు అర్థమైంది. అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడెను తాడుతో గుంజేవాడు ఒక్క విదిలింపు ఇచ్చి చెయ్యి బిగబట్టాలి. ముందుకు పోనిచ్చాడా, నాడె ఎగిరిపడి పోగులు తెగుతాయి. ఎనిమిదేళ్లప్పుడు మా నాయన నా మణికట్టు మీద కొట్టి మరీ నేర్పింది ఆపడమే. బంకర్‌లో కూర్చుని నేను రోజూ చేసింది అదే. దెబ్బ కాగానే నా మనసు బంతి వెంట ఎగిరిపోయేది, చేతులు మాత్రం మగ్గంలో ఆగిపోయేవి. వాటిని నేను ఒక్కనాడూ చూసుకోలేదు.

కెప్టెన్ సాబ్ నా చేతిలో కర్ర తీసుకున్నారు. "లయ కలపమన్నది నేనే," అన్నారు. ఆయనను తప్పుపట్టలేను. మంచి మాటే చెప్పారు. ఇద్దరం మూడు పొద్దులు ప్రయత్నించాం. కాళ్లు దగ్గర పెట్టించారు, సగం ఊపు కొట్టించారు, నా చేతులు పట్టుకుని భుజం మీదికి లాగారు. వదిలేయగానే మళ్లీ టక్. అసలు సాధన చేయకుండా పోయినా పాత చెయ్యి మిగిలేదేమో. నేను కష్టపడి, నమ్మి, ఒక్క రోజూ మానకుండా నా చేతిని నేనే పాడుచేసుకున్నాను. నాలుగోనాడు జట్టు పేర్లు చదివారు. నా పేరు లేదు. రెండు రోజులు ఇంటికి పోయి రావడానికి సెలవిచ్చి, మళ్లీ పైకి పొమ్మన్నారు.

రెండో చలికాలం మొదటిదానికన్నా ముందే వచ్చింది. దారి మూసుకుపోయింది. నేను పార కర్రను మంచు తవ్వడానికే వాడాను. ఆపరేటర్ పెట్టె మీద దుప్పటి మడిచి పెట్టడం మానలేదు. నేను కూర్చోవడం మానేశాను. "ఇంకోసారి సూడు తమ్మీ, ఈసారి చెయ్యి ఆపకుంట," అనేవాడు. నేను పార తీసుకుని బయటికి పోయేవాణ్ని.

ఒకరోజు పొద్దున రేడియో వేళ దాటాక కూడా ఆయన బయటికి రాలేదు. నేను తలుపు ముందు మంచు తవ్వుతున్నాను. లోపల ఆయన గొంతు వినిపిస్తోంది. "మళ్లీ చెప్పండి, ఓవర్." కాసేపటికి మళ్లీ "మళ్లీ చెప్పండి, ఓవర్." రేడియో ఆ రోజు బాగానే పలుకుతోంది. మాటలు తెలియకపోయినా అవతలి గొంతు బయటున్న నాకే వినపడేంత బాగా పలుకుతోంది. ఆయన మూడోసారి కూడా అదే అడిగాడు. తర్వాత వచ్చి నా చేతిలో పార తీసుకుని, నా బదులు తవ్వడం మొదలుపెట్టాడు. "తమ్మీ, చెల్లె సరోజన పోయింది," అన్నాడు, తల ఎత్తకుండా.

నేను దిగలేదు. దిగే దారి లేదు. అక్కడ కార్యాలన్నీ మా తమ్ముడి చేతుల మీద అయిపోయాయి. దారి తెరిచాక దిగాను. కాజీపేటలో రైలు మారి వరంగల్ స్టేషన్‌లో దిగేసరికి పొద్దు గుంకుతోంది. రిక్షా అతను నా మూట చూసి, "సెలవు మీద వచ్చినవా సార్?" అన్నాడు. అవునన్నాను. ఇంటి ముందు దిగి లోపలికి పోవడానికి చాలాసేపు పట్టింది. తర్వాత ఇంకా చాలా ఏళ్లు నౌకరీ చేశాను. గోల్ఫు మైదానాలున్న ఊళ్లలో కూడా చేశాను. కర్ర ముట్టలేదు.

ఆ రెండు రోజుల సెలవు సంగతి ఒకటి ఉంది. పేర్లు చదివిన రోజే రైలెక్కి ఇంటికి పోయాను. సరోజన వాకిట్లో మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. పెదవులు నీలంగా ఉన్నాయి. "ఈసారి కాలే," అన్నాను. ఆమె ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. "పోనియ్. అసలు ఆ ఆట ఎట్ల ఆడుతరో నేను సూడనే లేదు. ఏదీ, చూపియ్," అంది.

వాకిట్లో వట్టి చేతులతో నిలబడ్డాను. కాళ్లు సర్దుకున్నాను. లేని కర్రతో లేని బంతిని కొట్టాను. చేతులు యథాప్రకారం మధ్యలోనే ఆగిపోయాయి. సిగ్గుతో అలాగే ఉండిపోయాను.

ఆమె నా చేతులు చూడలేదు. ఒక చెయ్యి గుండె మీద పెట్టుకుని, ఇంకో చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, ఎదురింటి పెంకుల మీదుగా ఆకాశంలోకి చూస్తోంది. మెడ మెల్లగా పైకెత్తింది. ఇంకా ఎత్తింది.

"ఏం చూస్తాన్నవ్?" అన్నాను.

"ఆగు," అంది. "ఇంక కింద వడలే."