తెల్ల టార్చి, జేజి కళ్లు

ఆ రోజుల్లో లోకంలో నాకు తెలిసిన గొప్ప గుణం ఒక్కటే, తెల్లదనం. (మనుషుల తెల్లదనం కాదు, ఆ ఊసు మా ఇంటావంటా లేదు. టార్చిలైటు తెల్లదనం.) అనంతపురంలో ఒక ఎలక్ట్రికల్ సామాన్ల అంగట్లో కొత్తగా పనికి చేరాను. ఎల్‌ఈడీ టార్చిలు అప్పుడప్పుడే వస్తున్నాయి. వాటిలో రెండు రకాలు ఉండేవి. నీలం ఛాయ తగిలిన తెల్లటి వెలుతురిచ్చేది కూల్ వైట్, పొద్దుటి ఎండలా కాస్త పసుపు కలిసినట్టుండేది న్యూట్రల్ వైట్. రెంటినీ గోడ మీద పక్కపక్కన వేసి చూపించడం నా పని. కూల్ వైట్ పక్కన రెండోది మాసిన పంచెలా కనిపించేది. గార్లదిన్నె రైతు వచ్చినా, కణేకల్ రైతు వచ్చినా వేలు పెట్టి చూపించేది తెల్లదాన్నే. "తెల్లదే తీసుకోన్నా, పగలు మాదిరి ఉంటాది" అని, ఆ దీపాన్ని నేనే కనిపెట్టినంత ధీమాగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాణ్ణి పిలిచి రెండు తగిలించాలనిపిస్తుంది.

నన్ను పెంచింది మా జేజి, అంటే నాయన వాళ్లమ్మ. మడకశిర పక్క పల్లెలో ఉండేది. శనివారం గొర్రెల సంతలో ఆమెకంటూ ఒక బండరాయి ఉండేది. దాని మీద ఇంకెవరూ కూర్చునేవారు కాదు. గొర్రెను కొనేవాళ్లు ముందు ఆమె దగ్గరికి తోలుకొచ్చేవారు. ఆమె బొటనవేలితో గొర్రె కింది రెప్పను లాగి లోపల చూసేది. ఎర్రగా ఉంటే ఆరోగ్యం. పాలిపోయి ఉంటే కడుపులో పురుగులు రక్తం తాగేస్తున్నట్టు. "రక్తం ఉండాది" అంటే బేరం మొదలు, "లేదప్పా" అంటే గొర్రె వెనక్కి. లారీలు ఎండ ఎక్కకముందే బెంగళూరు దారి పట్టాలి కాబట్టి సంత మసకచీకట్లోనే మొదలయ్యేది. అందుకని జేజి చేతిలో మూడు బ్యాటరీల పాత టార్చి, దాని పసుప్పచ్చ వెలుతురు. ఇంత పనికీ ఆమెకు దొరికేది ఒక గ్లాసు టీ, బోలెడంత మర్యాద. టీ లేకపోయినా ఆమె సర్దుకునేది. మర్యాద లేకపోతే మాత్రం మా జేజికి పూట గడవదు.

మొదటి జీతంతో నేను చేసిన ఘనకార్యం, ఆమెకొక కూల్ వైట్ టార్చి కొనివ్వడం.

"ఏమిరా ఇది, ఇంత తెల్లగుండాది?"

"నీ పాతదాంట్లో అన్నీ కామెర్లొచ్చినట్టు కనపడతాయి జేజీ. దీంట్లో ఉన్నదున్నట్టు కనపడతాది."

మనవడి జీతం కదా, ఆమె ఆ సాయంత్రం ఇంటింటికీ వెళ్లి అందరి గోడల మీదా వేసి చూపించింది. నేను వెనకాలే చేతులు కట్టుకుని నడిచాను. (సన్మానం నాకే అన్నట్టు.)

ఆ శనివారం సెలవు పెట్టి నేనూ సంతకు వెళ్లాను. మా చిన్నాయన పన్నెండు గొర్రెలు కొనాలని వచ్చాడు. సరిహద్దు అవతల నుంచి ఒక కాపరి మంద తోలుకొచ్చాడు. జేజి కొత్త టార్చి వెలిగించి మొదటిదాని రెప్ప లాగింది. "లేదప్పా" అంది. రెండోది, లేదు. మూడోది, లేదు. ఆ మంద వదిలి ఇంకో మంద చూసింది, అక్కడా అదే తంతు. ఆ పొద్దు సంతలో ఒక్క గొర్రెకూ రక్తం లేదు. కాపరికి మండిపోయింది. "ఏనజ్జీ, నా కురిలకి రక్తం లేదంటావా? మొన్ననే మందు తాపిస్తి!" (వాళ్ల కన్నడంలో అజ్జి అంటే అవ్వ, కురి అంటే గొర్రె.) జేజి వినలేదు. చిన్నాయన పగ్గం భుజాన వేసుకుని ఉత్త చేతులతో వెళ్లిపోయాడు. ఇంతలో తెల్లవారింది. ఆ కాపరి గొర్రెల్నే ఇంకెవరో కొని లారీ ఎక్కిస్తున్నారు. కాపరి ఊరుకోక, ఒకదాని తల మా జేజి వైపు తిప్పి రెప్ప లాగి చూపించాడు. దానిమ్మ గింజలా ఉంది. పదిమందీ నవ్వారు.

బస్సులో ఆమె కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. "నా కండ్లు పోయినాయిరా" అంది. "నువ్వు అంత తెల్లని వెలుతురు తెచ్చిస్తివి. దాంట్లో కూడా కనపళ్యా అంటే ఇంక నా పని అయిపోయినట్టే." నేను, "వయసు కదా జేజీ" అన్నాను. ఓదార్పు అనుకునే అన్నాను మహానుభావుణ్ణి.

తర్వాతి మంగళవారం అంగడి వెనక గోడౌన్‌లో కొత్త పెట్టెలు విప్పుతున్నాను. కరెంటు పోయింది. ఆకలేసి, కూల్ వైట్ వెలిగించి క్యారియర్ తెరిచాను. దోసెల మీద ఎర్రకారం ఉండాలి, అదేదో బూడిద పూసినట్టుంది. చెడిపోయిందేమోనని వాసన చూశాను, బాగానే ఉంది. చేతికందిన ఇంకో టార్చి వెలిగించాను, అది న్యూట్రల్ వైట్. ఎర్రకారం ఎర్రగా నవ్వింది. మళ్లీ కూల్ వైట్, మళ్లీ బూడిద. అరచేతి మీద వేశాను. ఒకదాంట్లో నా చెయ్యి, ఇంకోదాంట్లో మూడు రోజులు నీళ్లలో నానిన చెయ్యి. గోడకున్న పగిలిన అద్దం దగ్గరికి పరుగెత్తి, కింది రెప్ప లాగి, రెండు టార్చిలూ మార్చి మార్చి వేసి చూసుకున్నాను. నాకూ రక్తం లేదు, ఉంది, లేదు, ఉంది. వెనక నుంచి షావుకారు, "ఏమప్పా, కండ్లకలకా? పో, ఇంటికి పో, అందరికీ అంటిస్తావు" అన్నాడు. ఇన్నాళ్లూ గోడ మీదే వేసి చూపించాను. గోడకు రక్తం ఎక్కడిది!

బుద్ధున్నవాడైతే ఆ రాత్రే బస్సెక్కి చెప్పేసేవాడు. నేను చెప్పలేదు. అంగట్లో టార్చిల మేధావినని పేరు, ఊళ్లో జీతం తెచ్చేవాణ్ణని పేరు, రెండూ ఒక్కసారే పోతాయని భయం. ఆదివారాలు ఇంటికి వెళ్లి, "ఇంకా దేనికి జేజీ తిరగడం, విశ్రాంతి తీసుకో" అని పెద్దమనిషిలా మాట్లాడాను కూడా. ఎవరైనా గొర్రెను చూడమని వస్తే ఆమె, "నన్నడగొద్దప్పా, నాకు కనపడ్డంల్యా" అని పంపేస్తోంది. శనివారాలు మాత్రం చీకటితోనే లేచి తల దువ్వుకుంటుందట. సంత బస్సు హారన్ వినపడగానే, ఇక వెళ్లేది లేదని గుర్తొచ్చి, మళ్లీ చాప మీద పడుకుంటుందట. ఈ మాట నాకు పక్కింటి అత్త చెప్పింది. అలా రెండు శనివారాలు గడిచాయి.

మూడో శనివారానికి ముందురోజు వెళ్లి, రెండు టార్చిలూ ఆమె అరచేతి మీద వేసి చూపించి, అంతా చెప్పేశాను. ఆమె చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత నా మొహం చూసింది.

"ఎప్పుడు తెలిసె నీకిది?"

"...పదిహేడు రోజులాయ."

"థూ నీ యవ్వారం! నా కండ్లు పోయినాయని నేను ఏడుస్తాంటే, నీ టార్చి మంచిది కాదని చెప్పేకి నీకు నోరు రాల్యా?"

మరునాడు నన్ను మెడబట్టినంత పని చేసి సంతకు లాక్కుపోయింది. బండరాయెక్కి నిలబడి, "అందరూ రాండప్పా, మా వానిది ఒక ముచ్చట ఉండాది" అని కేకేసింది. ఒక గొర్రె రెప్ప మీద రెండు వెలుతురులూ వేసి చూపించింది. చూసినవాళ్లంతా అబ్బా అన్నారు. ఆ కాపరి కూడా ఉన్నాడు. "అజ్జీ, గొర్రె సంగతి సరే, నీ మనవడికి రక్తం ఉండాదేమో చూడు" అన్నాడు. జేజి అందరి ముందూ నా తల వంచి, బొటనవేలితో నా రెప్ప లాగి, న్యూట్రల్ వైట్ వేసి చాలా శ్రద్ధగా చూసింది.

"రక్తం ఉండాది. సిగ్గే లేదు."

సంతంతా గొల్లుమంది. ఆమె కూడా నవ్వింది. వెంటనే ఎవరో, "జేజీ, మావి రొంత చూడు" అని గొర్రెను తోలుకొచ్చారు, ఇంకెవరో టీ తెచ్చారు.

మరుసటి ఏడాదికి ఆమె మోకాళ్లు మొండికేశాయి, ఆ తర్వాత ఆమే వెళ్లిపోయింది. అదే అంగట్లో ఇప్పుడు నేనే పెద్దవాణ్ణి. టార్చి కోసం ఎవరొచ్చినా, "దేన్ని చూసేకి అన్నా?" అని అడుగుతాను. కొందరు నన్ను ఎగాదిగా చూసి తెల్లదే పట్టుకుపోతారు. ఒక టార్చి పరువు కాపాడటానికి పదిహేడు రోజులు నోరు కుట్టేసుకున్న ఆ ఇరవై రెండేళ్ల వెర్రివాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. శనివారం చీకటితో మెలకువ వచ్చినప్పుడు మాత్రం జేజి మీద బెంగ పట్టుకుంటుంది. ఆమెకు మిగిలినవే కొన్ని సంతలు. వాటిలో రెండు నేను తినేశాను.