మా ఆయన మోకాలు, ఆయన మగ్గం

మావాళ్లు నేతపనికి వలసొచ్చిన మరాఠీ ఊళ్లో, అశోక్ చౌక్ దగ్గర మా బావ ఇంటి ముందుగదిలో రెండు గుంట మగ్గాలు ఉండేవి. ఒకటి బావది, రెండోది ఆయన తమ్ముడైన మా ఆయనది. ఎనభైల చివర్లో ఒక మధ్యాహ్నం నేను అన్నం తీసుకెళ్లాను. మా ఆయన గుంటలోంచి లేస్తుంటే పాదం తొక్కుడు కర్రల మధ్య ఇరుక్కుని, ఒళ్లు మాత్రం పక్కకు తిరిగింది. మోకాలిలో టప్పుమన్న చప్పుడు గుమ్మంలో ఉన్న నాకూ వినబడింది. పొద్దుగూకేసరికి వాచిపోయింది.

ఎక్స్‌రేలో ఎముకలు బాగానే ఉన్నాయన్నారు. బావ ఆ ఫిలిమును కిటికీకి ఎదురుగా పట్టి చూశాడు.

"హడ్డి సాఫ్ ఉన్నది గదరా తమ్మీ. ఇగ నొప్పి ఏడికెళ్లి వస్తది? బాలింత లెక్క దిండేసుకొని పండుకున్నవ్."

"అడుగేస్తే మోకాలు పక్కకు జారుతున్నదే అన్నా."

అయినా పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది బావే. అక్కడి డాక్టరు కాలు మడిచి, పిక్క పట్టి ముందుకు లాగి చూశాడు. లోపలి లిగమెంటు తెగిందనీ, ఎముకల మధ్య మెత్తటి మృదులాస్థి కొంత చిరిగిందనీ, ఇవి ఎక్స్‌రేలో కనబడవనీ మరాఠీలో చెప్పాడు. ఆపరేషన్ అప్పుడే అక్కర్లేదన్నాడు. వాపు తగ్గేదాకా విశ్రాంతి, తర్వాత తొడ గట్టిపడేలా కాలు ఎత్తి దించడం. కూర్చుని చేసే పనికి మళ్లీ పోవచ్చన్నాడు. బావ అన్నిటికీ తలూపాడు.

"నీ పడుగు నేను నేసి పెడ్త. అచ్చుల పోగులు ఉంచుత. ఫికర్ చెయ్యకు," అన్నాడు దారిలో.

మాలో అది పెద్ద మాట. నేత అయిపోయినా చివరి పోగులను, అవి దూరే దువ్వెనలాంటి అచ్చులోనే వదులుతారు. కొత్త పడుగును వాటికే అతుకుతారు. ఆ పోగులున్నంతకాలం మగ్గం ఆ మనిషిదే.

మా ఆయన చీలమండకు ఇసుక సంచి కట్టుకుని రోజూ కాలు ఎత్తేవాడు. పక్కన బీడీలు చుడుతూ చూసేదాన్ని. సన్నబడిన తొడ మెల్లగా నిండింది. మోకాలు జారడం ఆగింది. డాక్టరు సరేనన్న మర్నాడే పనికి బయలుదేరాడు. నేనూ వెంట వెళ్లాను.

ఆయన మగ్గం మీద ఎవరిదో నీలం పడుగు. గుంటలో మా తోడికోడలి తమ్ముడు కూర్చుని నేస్తున్నాడు.

"అన్నా, నా పోగులు?"

"తీసేసిన. నడువరానోనికి మగ్గమేందిరా?"

"నడిచే వచ్చిన గదనే."

బావ తన నేత ఆపలేదు.

మా ఆయన గొడవపడలేదు. ఇంటికొచ్చి సంచి విప్పి ఇసుక వీధిలో పోశాడు. డాక్టరు మళ్లీ రమ్మన్నాడు కదా అంటే, "పోయి ఏం నేస్త?" అన్నాడు. తొడ మళ్లీ సన్నబడింది. బతికినన్నాళ్లూ ఒక మిల్లు గేటు దగ్గర కుర్చీలో కాపలా కూర్చున్నాడు.

పోయిన నెల ఆయన పోయాడు. పాడె మోసింది బావే. పరామర్శకు వచ్చినవాళ్లతో, "కాలు పోయె, మగ్గం పోయె. మా తమ్ముని రాత," అంటున్నాడు.

వాళ్ల ముందే అన్నాను.

"కాలు మంచిగనే అయింది బావా. మగ్గమే లేకుండె."