నేను దిగిన కారు

సిద్దిపేటలో హుస్నాబాద్ పోయే ఓ పాత షేర్ కారెక్కి ముందు సీట్లో కూర్చున్నాను. డ్రైవర్ ఇంకా మనుషుల కోసం అక్కడక్కడే తిప్పుతున్నాడు. మలుపు తిరిగినప్పుడల్లా ముందు చక్రం దగ్గర టక్కుమని చప్పుడు. వెనక సీట్లోని పెద్దాయన కారు ఆపించి దిగాడు.

"స్టీరింగ్ అటిటు తిప్పు తమ్మీ," అంటూ చక్రం వెనకాల చెయ్యి పెట్టి చూశాడు. ఆయన ముఖం మారిపోయింది.

"బాల్ జాయింట్ అరిగిపోయింది. ఊడిందంటే చక్రం పక్కకు పడిపోతది. గీ బండి రోడ్డెక్కద్దు. ఇరవై ఏండ్లు గిదే పని చేసిన, నా మాట ఇను."

"రోజూ వచ్చే సప్పుడే గది," అని డ్రైవర్ నవ్వాడు.

పెద్దాయన బస్సుకని నడిచాడు. నేనూ దిగాను. అప్పుడే ఓ ముసలామె వచ్చింది.

"దిగుతున్నవా బిడ్డా? నేను గీడ కూసోనా?"

డ్రైవర్ నన్నే చూస్తున్నాడు. గొడవ నాకెందుకని, "కూసో అవ్వా," అన్నాను.

నేనూ పెద్దాయనా ఎక్కిన బస్సు ఊరు దాటిన కాసేపటికి ఆగింది. ఆ కారు చెట్టుకు గుద్దుకొని ఉంది. ముసలామెను రోడ్డు పక్కన పడుకోబెట్టి, ముఖం మీద తువ్వాల కప్పారు.

"నీ జాగల కూసున్నామె గాదా? ఆమెకు చెప్పలేదా?" అన్నాడు పెద్దాయన.

"చెప్పిన. ఇనలేదు," అన్నాను.

"నువ్వేం జేస్తవ్ బిడ్డా," అంటూ ఆయన నా భుజమ్మీద చెయ్యి వేశాడు. హుస్నాబాద్ వచ్చేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.