ఎర్ర మరకల తువ్వాలు

ఈ పొద్దున టీ అంగడి బెంచీ మీద కూర్చోగానే గంజి వాసన వచ్చింది. బియ్యపు గంజిలో కాస్త కొబ్బరినూనె కలిపి కాచినప్పుడు వచ్చే వాసన. తిరుత్తణిలో మా నేత వీధి చివర పడుగు సాగదీస్తున్నారు. మగ్గమెక్కాల్సిన నిలువు పోగుల్ని వీధి పొడవునా గుంజలకు కట్టి, అటూ ఇటూ నిలబడి కుంచెలతో గంజి పట్టించడం మా పద్ధతి. ఆ పని ఇవాళ మొదటిసారి దేవి చేతిలో పెట్టాను. దేవి మా షెడ్డులో సూపర్‌వైజరు. నేనుంటే అందరూ నా మొహమే చూస్తారని వచ్చి ఇక్కడ కూర్చున్నాను. కానీ ఆ వాసన నన్ను కూర్చోనివ్వలేదు. భుజం మీది పాత తువ్వాలు తడుముకున్నాను. కణ్ణయ్య మామ గుర్తొచ్చాడు.

కణ్ణయ్య మామ నాకు చుట్టం కాడు. వీధిలో అందరికీ మామే. పది మగ్గాల షెడ్డు ఆయనది, మా నాన్న అందులో నేసేవాడు. నేను తిరువళ్ళూరులో బి.కాం. ముగించి, ఉద్యోగం కోసం రోజూ రైలెక్కి మద్రాసు తిరిగి కాళ్ళరిగాక, మామ పిలిచి షెడ్డు పని నేర్చుకోమన్నాడు. మొదటి రోజు బూట్లేసుకుని పోయాను. ఆయన నా కాళ్ళ వంక చూసి, "ఏందిరా సేకరా, కలెక్టరాఫీసుకు పోతా దోవ తప్పినావా?" అన్నాడు. అందరూ నవ్వారు, నాకు ఒళ్ళు మండింది. మర్నాడు చెప్పులతో పోతే, తన డబ్బాలోని ఇడ్లీలు సగం నాకు పెట్టాడు. అలా ఉండేది ఆయన వరస. ఏదడిగినా తిన్నగా చెప్పేవాడు కాదు. "నన్నెందుకు అడగతావు? చేసేవోళ్ళు ఉండారు గదా, పోయి అడుగు" అని తరిమేసేవాడు. డిగ్రీ చదివినవాణ్ణి, కండెలు చుట్టేవాళ్ళ దగ్గరికి పోయి అడగడం నాకు నామోషీ. అడగకుండానే నెట్టుకొచ్చేవాణ్ణి. అది ఆయనకు తెలుసు.

ఆడి నెలలో మా కొండ గుడికి జనం పోటెత్తే ఆడి కృత్తిక పండగకు ముందు, తిరువళ్ళూరు బట్టల కొట్టు ఒకటి తువ్వాళ్ళకు ఆర్డరిచ్చింది. తెలుపు మీద ఎర్ర అంచు. పడుగులు సిద్ధమైన సాయంత్రం మామ నన్ను పిలిచాడు. "రేపు పడుగు పని నీది. నేను రాను. సరిగ్గా చేస్తివంటే ఆడి అయినాక షెడ్డంతా నువ్వే చూసుకో" అన్నాడు. ఆయనకు పిల్లల్లేరు. ఆ మాట ఎంత పెద్దదో నాకు తెలుసు. తెల్లారేసరికి అందర్నీ వీధిలోకి తెచ్చాను. మంగమ్మక్క ఎప్పటిలాగే గంజికుండలో చెయ్యి ముంచి తీసి, గాలికి పట్టుకుని నిలబడింది. చిన్నప్పటినుంచీ కుంచె పట్టిన మనిషి. ఆ రోజు సాగదీసే రెండు పడుగుల్లో ఒకటి, షెడ్డు నూలుతో ఆమె తన ఇంట్లో నేసే మగ్గానికే.

"నాయనా, చేతి మీద గంజి ఆరలేదు. వాన వస్తాది. ఈపొద్దు వద్దు."

"ఫోన్లో వాన లేదక్కా. మీరు కానీండి," అన్నాను.

సగం పడుగుకు గంజి పట్టిందో లేదో, కొండ మీంచి వాన దిగింది. గుంజలు విప్పేలోగా గంజి కారిపోయింది. అంచు రంగు తెలుపంతా పాకింది. పోగులు ఒకదానికొకటి చుట్టుకుపోయాయి. మామ తడుస్తూనే వచ్చాడు. "గంజి ఎవురు చూసినారు?" అన్నాడు. "మంగమ్మక్క." "ఏమనింది?" "వద్దనింది." "సరి, ఇంటికి పో. ఇంకమీదట ఆయమ్మ సరే అనేదాకా గుంజ నాటద్దు." అంతే అన్నాడు. ఆర్డరు చెయ్యి జారింది. కొత్త నూలు వచ్చి పడుగు తయారయ్యేదాకా పది రోజులు రెండు మగ్గాలు ఖాళీ. ఆ పది రోజులూ మంగమ్మక్క బస్సెక్కి తిరువళ్ళూరు పక్కన ఒక ఫ్యాక్టరీకి కూలికి పోయింది. ఇక షెడ్డు నాకు దక్కదనే అనుకున్నాను.

పదకొండో రోజు తలొంచుకుని ఆమె దగ్గరికి పోయి, "అక్కా, ఈ రోజు సాగదీయొచ్చునా?" అని అడిగాను. ఆమె గంజిలో చెయ్యి ముంచి, నా చెయ్యి కూడా పట్టుకుని ముంచింది. "ఇద్దరమూ చూస్తాము" అంది. నా సిగ్గంతా ఆ కుండలోనే పోయింది.

పాడైన పడుగులో దక్కినంత మేర మామ తానే కూర్చుని ఒక తువ్వాలు నేశాడు. ఎర్రటి మరకలు, మధ్యమధ్య పోగులు తెగిన సందులు. దాన్నే భుజాన వేసుకుని గుడికి, కొట్లకు, పెళ్ళిళ్ళకు తిరిగేవాడు. నన్ను గుచ్చడానికేనని లోలోపల ఉడికిపోయేవాణ్ణి. ఏడాది ఓర్చుకుని, ఒక పెళ్ళి భోజనాల బంతిలో పక్కన కూర్చుని అడిగేశాను. "ఎన్నాళ్ళు మామా, నన్నిట్ల ఊరేగిస్తావు?"

ఆయన తింటున్న చెయ్యి ఆపాడు. "నిన్ను కాదురా, నన్ను. ఆ పొద్దు నేను టీ అంగడి కాడనే ఉన్నా. మబ్బు చూసినా. లేచినా. నేనొచ్చి చెప్పేస్తే నీకు అడిగే బుద్ధి ఎప్పుడొస్తాదని మళ్ళా కూచున్నా. నీకు పని నేర్పాలని మంగమ్మ మగ్గం ఆపేసినా. నేర్చుకునేది నువ్వు, కూలికి పోయేది ఆయమ్మ. అదేం న్యాయంరా?"

అంత పెద్దమనిషి నా ముందు తన తప్పు ఒప్పుకోవడం చూశాక, ఆయన మీద నాకు ప్రేమ పుట్టింది. అంతకు ముందున్నది భయమే.

ఆ ఏడే షెడ్డు నాకప్పగించాడు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. తువ్వాలు అత్త నాకే ఇచ్చింది. పది మగ్గాలు ఇరవయ్యయ్యాయి. వ్యాపారంలో మనుషుల్ని ఎలా తయారుచేయాలో చెబుతామని ఎవరో క్లాసు పెడితే ఒకసారి మద్రాసులో హోటల్‌కు పోయి రోజంతా కూర్చున్నాను. తప్పులు చేయనివ్వండి, అప్పుడే ఎదుగుతారు అన్నారు. మంచి మాటే. ఆ తప్పు ఎవరింటి మీద పడుతుందో మాత్రం అక్కడెవరూ అడగలేదు. నేను మంగమ్మక్కను తలుచుకుంటూ రైలెక్కాను.

టీ చల్లారిపోయింది. చూస్తుండగానే కొండ మీద మబ్బు పట్టింది. లేచాను. కూర్చున్నాను. మామ కూర్చున్నట్టు కూర్చోవడం నావల్ల కాలేదు. వీధిలోకి పోయి గోడవారనున్న కుంచె ఒకటి తీసుకున్నాను. వాన మాట నోటిదాకా వచ్చింది. మింగేసి, "దేవీ, నేను యాడ నిలబడేది?" అన్నాను.

"కొసకు పోయి నిలబడన్నా. కుంచె అప్పుడే ముంచద్దు. మంగమ్మక్క చెయ్యి ఆరిందేమో చూసొస్తా," అని దేవి వడివడిగా గంజికుండ వైపు పోయింది.

కొసకు పోయి నిలబడ్డాను. మామ ఉంటే ఎంత బాగుండేదో అనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తువ్వాలుతోనే మొహం తుడుచుకుని, దేవి చెప్పేదాకా పొడి కుంచె పట్టుకుని నిలబడ్డాను.