కనురెప్ప మీద తమలపాకు

మా పక్క వాటాలో ఉండే బాబాయిగారు మొన్న శుక్రవారం పొద్దున పోయారు. పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. ఆఫీసుకు మావారు ఫోన్ చేసి చెప్పారు. ఆ రోజు ఇక పని మీద మనసు నిలవలేదు.

ఆయన మాకు చుట్టం కాదు. బాలానగర్‌లో లేతు మిషన్ మీద పనిచేసి రిటైరై, కొండాపూర్‌లో మేం కిరాయికున్న ఇంట్లోనే ఉండేవారు. కూతురు పసిగుడ్డుగా ఉండగానే భార్య పోతే తానే పెంచారు. మేం గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్ళం. నిరుడు మా పాప నెల దాటిన దగ్గర్నుంచి రోజూ పొద్దు వాలే వేళకు ఏడుపు అందుకునేది. కాళ్ళు కడుపులోకి ముడుచుకుని, ముఖం కందగడ్డ చేసుకుని గుక్కపట్టేది. డాక్టరు చూసి, భయం లేదు, మూడో నెల దాటితే అదే తగ్గుతుందన్నారు. అందాకా ఆగేదెవరు? వాము నీళ్ళు పట్టమని ఒకరు, వస అరగదీసి నాకించమని ఒకరు, బొడ్డు చుట్టూ ఇంగువ రాయమని మరొకరు. నేను ఏదీ తేల్చుకోలేక పాపతో పాటు ఏడుస్తూ కూర్చునేదాన్ని.

ఒక సాయంత్రం బాబాయిగారు తమలపాకు, ఆముదం గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. "లోపలికి ఏం పట్టియ్యకు బిడ్డా. పైనుంచే చేద్దాం," అన్నారు. ఆకుకు ఆముదం రాసి, దీపం మీద వెచ్చచేసి, తన కనురెప్ప మీద పెట్టుకున్నారు. నాకు నవ్వొచ్చింది. ఎందుకలా అని అడిగాను.

"మిషన్ పని జేసి చేతులు మొద్దుబారినయ్. వేడి తెల్వదు." ఆకును రెప్ప మీంచి తీస్తూ అన్నారు: "మా బిడ్డకు చేతితోనే చూసి పెట్టిన. దాని కడుపు కాలి మచ్చ వడ్డది. నీ బిడ్డను నాకిచ్చే ముందు నీకు ఎర్కుండాలె."

వద్దని చెప్పబోయాను. ఆయన ఏమీ అనుకోకుండా ఆకు నా చేతికిచ్చారు. "నువ్వు గూడ జర చూడు. గోరువెచ్చగుంటెనే పెడదాం." కనురెప్పకు ఆనించుకున్నాను. హాయిగా ఉంది. పాపను ఇచ్చాను.

ప్రతిదానికీ ఎందుకు అని అడగడం నా జబ్బు. పనిచేసేది ఆకా, ఆముదమా, వేడా అని రోజూ విసిగించేదాన్ని. విసుక్కోకపోగా ఆయనకూ అదే పట్టుకుంది. "ఇయ్యాల ఆముదం లేకుంట చూద్దాం," అనేవారు ఒకరోజు. ఇంకో రోజు ఉత్త గుడ్డ వెచ్చచేసి పెట్టారు. పాప ఒక్కోసారి ఊరుకునేది, ఒక్కోసారి మా ఇద్దరి ప్రయోగాల మీదా గుక్కపట్టేది. "ఇన్నేండ్లయినా నాకైతే సమజ్ కాలే," అని నవ్వేవారు. తెలియదని అంత సంతోషంగా చెప్పే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

పరామర్శకు వెళ్ళి ఆ ముచ్చట్లన్నీ ఆయన కూతురికి చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకుంది. "మచ్చ ఎప్పుడో పోయిందక్కా. ఎన్నిసార్లు చెప్పినా నాయిన నమ్మకపోయేటోడు."

పాప మొదటిసారి ఆయన చేతిలో నిద్రపోయినప్పుడు, గోడకు ఆనుకుని నాకూ కునుకు పట్టింది. కళ్ళు తెరిచేసరికి ఆయన కిటికీ దగ్గర నిలబడే ఉన్నారు. నేనిచ్చిన టీ మీగడ కట్టింది. దూరాన కొత్తగా లేస్తున్న అద్దాల మేడ మీద ఆఖరి ఎండ ఉంది. ఆయన పాప చొక్కా మెల్లగా పైకెత్తి, ఆ కాస్త వెలుతురుకు కడుపు తిప్పి చూశారు. కిందికి దించారు. మళ్ళీ ఎత్తి చూశారు.