పెద్దన్న పంపిన ఫైలు

మొన్న శనివారం సింగపూర్‌లో, బుకిట్ పంజాంగ్‌లో రైలు దిగి ఎల్‌ఆర్‌టీ అనే చిన్న రైలు కోసం నిలబడి ఉండగా, మా పాత రూమ్మేట్ల వాట్సాప్ గ్రూపులో ఒక జోకు వచ్చింది. ఒకతని కొడుకు కాలేజీకి పంపవలసిన దరఖాస్తు పంపడం మరిచిపోయాడట. "అచ్చం మన పెద్దన్నే" అని ఆ తండ్రి రాసి, వరసగా నవ్వు బొమ్మలు పెట్టాడు. మిగతావాళ్లూ నవ్వారు. పెద్దన్న ఆ గ్రూపులో లేడు, అతని నంబరు ఎవరి దగ్గరా లేదు. ఇరవై ఏళ్లు దాటినా చావని ఆ జోకుకు మూలం నేను ఆడిన ఒక అబద్ధం. దాన్ని విని నవ్వే ఓపిక ఇక నాకు లేదు కనుక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కంప్యూటర్ తెలిసినవాడికల్లా విమానం టిక్కెట్టు దొరికిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. మేము ఐదుగురం బిషాన్‌లో ఒక ఫ్లాటులో ఉండి, ఒకే అమెరికా కంపెనీ పని చేసేవాళ్లం. మా టీమ్ లీడ్ హైదరాబాదువాడు, ఆ ఊళ్లోనే వేరే ఫ్లాటులో ఉండేవాడు. ఒకసారి అమెరికా వెళ్లి వస్తూ బేస్‌బాల్ ఆట ఉన్న డిస్కు ఒకటి తెచ్చి, క్లయింటుతో నాలుగు మాటలు కలపాలంటే ఈ ఆట తెలియాలని మా మీద రుద్దాడు. క్రికెట్ తప్ప మరొకటి ఎరగని మాకు మొదట్లో అది రోకలితో బంతిని బాదడంలాగే ఉండేది గాని, రెండు నెలలు తిరిగేసరికి ఆరుగురం ఆరు జట్లతో ఒక లీగే నడుపుకున్నాం.

అందులో మేము ఆడేదేమీ లేదు. ఆటగాళ్లు కంప్యూటర్‌లో ఉంటారు; ఎవరిని దింపాలో, ఏ వరసలో దింపాలో ఒక ఫైలులో రాసి శుక్రవారం సాయంత్రంలోగా నాకు మెయిల్ చెయ్యాలి. నేను వాటిని ఫ్లాపీలోకి ఎక్కించి ఇంటికి తెస్తే, శనివారం మధ్యాహ్నం చవక తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్ నుంచి తెచ్చిన పొట్లాలు ముందు పెట్టుకుని, తెర మీద ఒక్కో వాక్యంగా దొర్లే ఆటను చూస్తూ అరుచుకునేవాళ్లం. కొత్త ఫైలు రాకపోతే పాత ఫైలుతోనే ఆట నడుస్తుందన్నది మా నియమం.

పెద్దన్నది అనంతపురం వైపు. మా అందరికంటే ఆరేళ్లు పెద్ద. ఆఫీసులో ఏ పని చేసినా మూడుసార్లు సరిచూసుకుంటాడని లీడ్ విసుక్కునేవాడు. ఈ ఆటలోనూ అంతే. బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు, ఒకసారి విసిరాక వాడికి కంప్యూటర్ లెక్కలో నాలుగు రోజుల విశ్రాంతి కావాలి (మా ఒక్కో శనివారం ఆ లెక్కలో ఒక్క రోజే), ఆ లెక్కలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకునేవాడు. అలా రాసుకుని రాసుకునే లీడ్ జట్టుకు పోటీగా ఫైనల్‌కు చేరాడు. ఐదు ఆటల ఫైనల్‌లో చెరి రెండు గెలవగా ఐదో ఆట మిగిలింది.

సరిగ్గా ఆ వారమే, నేనూ పెద్దన్నా కలిసి చూసే ప్రోగ్రామ్‌కు ఇక ఒక్కరు చాలని క్లయింటు కబురు పెట్టాడు. ఎవరు ఉండాలో, ఎవరు ఇండియా వెళ్లిపోవాలో లీడ్ చెప్పాలి. పెద్దన్న అప్పటికే భార్యనూ కూతురినీ రప్పించుకోవాలని వుడ్‌ల్యాండ్స్‌లో ఇల్లు చూసుకున్నాడు, పాప బడి కోసం కనుక్కున్నాడు. నాకేమో సింగపూర్ అబ్బాయినన్న పేరుతోనే సంబంధం కుదిరింది.

ఆ శుక్రవారం అతని ఫైలు ఐదుంపావుకు వచ్చింది. బస్సుకు టైమైపోతోందన్న కంగారులో దాన్ని ఫ్లాపీలోకి లాగాను. అదే పేరుతో పాత ఫైలు ఉంది, దాని మీద రాయమంటావా అని కంప్యూటర్ అడిగింది. ఉన్న ఫైలు మీద ఎన్నడూ రాయకూడదని మా ఉద్యోగం మొదటి రోజునుంచీ తలకెక్కించిన పాఠం. వేలు దానంతటదే 'నో' నొక్కింది. ఫ్లాపీ తీసుకుని పరుగెత్తాను.

మర్నాడు ఆట మొదలవుతూనే పెద్దన్న ముందుకు వంగాడు.

"ఏమప్పా, వీన్ని నేను పెట్టలేదే! వీనికి మొన్ననే చెయ్యి అయిపోయింది, ఈరోజు కూర్చోబెట్టినా కదా."

మూడో ఇన్నింగ్స్‌లోనే ఆ అలిసిన పిచర్‌ను లీడ్ జట్టు చితకబాదింది. నేను మెల్లగా ఫైలు తేదీ చూశాను, పోయిన వారానిది. నిన్న 'నో' నొక్కి కొత్త ఫైలును ఎక్కనివ్వలేదని ఆ క్షణంలోనే తెలిసింది. ఆట ఆపి, తప్పు నాదని చెప్పి, సోమవారం మళ్లీ ఆడిద్దామంటే సరిపోయేది. కాని పక్కనే లీడ్ కూర్చుని ఉన్నాడు.

"కొత్త ఫైలు నాకు రాలేదన్నా," అన్నాను.

"పంపించినట్లే ఉండాదే నాకు..." అని పెద్దన్న తల గోక్కున్నాడు.

లీడ్ పగలబడి నవ్వాడు. "ఫైనల్‌కే ఫైల్ పంపనోడు రేపు క్లయింట్ ప్రొడక్షన్‌కి ఏం పంపుతడు భాయ్!"

అందరూ నవ్వారు. అందరితో పాటు నేనూ నవ్వాను.

బుధవారం లీడ్ నా పేరు చెప్పాడు. ఆట వల్లే చెప్పాడని నేననను. కాని పెద్దన్న సంగతి వచ్చినప్పుడల్లా ఆ మాటే మళ్లీ అనేవాడు. రెండు వారాల్లో పెద్దన్న వెళ్లిపోయాడు. వెళ్తూ ప్రోగ్రామ్ గురించి నాకు నలభై పేజీల వివరం రాసిచ్చాడు, ఒక్క అడుగు కూడా వదలకుండా.

అతని మెయిల్‌బాక్సు నా చేతికే వచ్చింది. పంపిన మెయిళ్లలో ఆ శుక్రవారం, ఐదుంపావు, నా పేరు, ఫైలు, అన్నీ ఉన్నాయి. దాని పైన ఇంకొకటి ఉంది. సోమవారం పొద్దున్నే అదే మెయిల్‌ను వెతికి తనకు తానే పంపుకున్నాడు. అంటే లీడ్ నిర్ణయానికి రెండు రోజుల ముందే అతనికి నిజం తెలుసు. పంపుకున్నదాన్ని లీడ్‌కు పంపితే చాలు. పంపలేదు. నన్ను ఒక్క మాట అడగలేదు. ఎందుకన్నది నాకు ఈనాటికీ తెలియదు. ఆ రెండు మెయిళ్లనూ తుడిచేశాను.

ఆ ఉద్యోగం మీదనే నాకు పెళ్లయింది, ఇల్లయింది, ఈ దేశంలో శాశ్వత నివాసం వచ్చింది. ఇప్పుడు ఏ ఫైలు ఎవరు ఎప్పుడు పంపారో యంత్రమే రాసిపెట్టుకుంటుంది. మా ఆఫీసు కుర్రవాళ్లు ఎవరేం చెప్పినా ముందు ఆ లాగ్ చూపించమంటారు. మనుషుల మధ్య నమ్మకం పోయిందని నా వయసువాళ్లు విచారిస్తుంటే నేను కలగజేసుకోను. నమ్మకం ఉన్న రోజులు నేను చూశాను. నేను చెప్పిన ఒక్క మాటను నలుగురు నమ్మారు. ఐదోవాడికి అది అబద్ధమని తెలిసి కూడా, తన పెట్టె తను సర్దుకున్నాడు.