వియ్యాలవారిని విడదీసిన ఫుట్‌బాల్

మా చిన్నప్పుడు... ఒక్కో ఏడు నవంబర్ చివర్లో ఒక శనివారం, మా ఊరు బాతెల్‌లో ఇంటి గుమ్మం బయట రమణారావు అంకుల్ సాక్సులు విప్పి, చలికి వణుకుతూ నిలబడేవారు. మా నాన్న రాగిచెంబుతో వేణ్ణీళ్ళు తెచ్చి ఆయన కాళ్ళ మీద పోసేవారు. ఎందుకంటే ఆ రోజు ఇక్కడి కాలేజీ ఫుట్‌బాల్‌లో, అదే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటలో, నాన్న టీమ్ ఓడిపోయి ఉండేది...

నాన్న, అంకుల్ ఒకే ఫ్లైట్‌లో ఈ దేశం వచ్చిన స్నేహితులు. నాన్న కొండలకు ఇవతల, రాష్ట్రానికి పడమట ఉన్న యూనివర్సిటీలో చదివారు. అంకుల్ తూర్పున ఉన్నదాంట్లో చదివి అటే స్థిరపడ్డారు. ఆ రెండూ అప్పట్లో ఒకే కాన్ఫరెన్స్... అంటే మా పడమటి తీరం కాలేజీలు ఏటా తమలో తాము ఆడుకునే ఏర్పాటు. సీజన్‌లో చివరి మ్యాచ్ మాత్రం ఎప్పుడూ వీళ్ళిద్దరిదే.

వీళ్ళు పెట్టుకున్న రూలు ఏమిటంటే... గెలిచినవాళ్ళు మగపెళ్ళివారు, ఓడినవాళ్ళు ఆడపెళ్ళివారు. మ్యాచ్ అయ్యాక గెలిచినాయన బయటికి వెళ్ళి మళ్ళీ గుమ్మంలోకి రావాలి, ఓడినాయన కాళ్ళకి నీళ్ళివ్వాలి. వంటంతా ఓడినవాళ్ళదే. అంటే ఓడినాయన భార్యదే అనుకోండి... ఆ సంగతి అమ్మా ఆంటీ ఇప్పటికీ దెప్పుతారు.

ఇక ఆ మర్యాదలు చూడాలి... సాంబారులో ఉప్పు తక్కువైందని అంకుల్ అలిగి, సోఫాలో గోడవైపు తిరిగి పడుకునేవారు. "లేవండి బావగారూ, మీకు దండం పెడతా" అని నాన్న బతిమాలేవారు. మర్నాడు మంచు పడుతున్న కొండదారిలో ఐదు గంటలు డ్రైవ్ చేసుకుంటూ వాళ్ళు వెళ్ళిపోయేవారు. పై ఏడు నాన్న వంతు వస్తే ఆయన అంతకు రెట్టింపు అలిగేవారు. మాకు కడుపు చెక్కలయ్యేది.

సెకండ్ గ్రేడ్‌లో నేను దీని మీద బొమ్మ వేసి, కింద ఇంగ్లీషులో రాశాను... "మా ఇన్-లాస్ వచ్చారు, నాన్న ఓడిపోయి వాళ్ళ కాళ్ళు కడిగారు" అని. ఏడేళ్ళ పిల్లకి అత్తవారేమిటని టీచర్ హడలిపోయి అమ్మకి ఫోన్ చేసింది. వియ్యాలవారంటే ఏమిటో ఆవిడకి చెప్పేసరికి అమ్మకి నోరు ఎండిపోయింది.

ఇప్పుడేమైందో తెలుసుగా... టీవీ వాళ్ళు డబ్బు ఆశ పెట్టగానే నాన్న యూనివర్సిటీ మూటాముల్లె సర్దుకుని, దేశం అవతలి కొస దాకా సాగిన ఇంకో కాన్ఫరెన్స్‌లోకి వెళ్ళిపోయింది. ఇప్పుడు మూడు టైమ్‌జోన్లు దాటి వెళ్ళి ఆడుతున్నారు. "ఎవరే వీళ్ళు? వీళ్ళ మీద నాకు కోపం ఎలా వస్తుందే?" అని నాన్న రిమోట్ పక్కన పడేసి సగంలోనే లేచిపోతున్నారు. కోపం రాని ఆట ఏం ఆటండీ!

పాత మ్యాచ్ పూర్తిగా పోలేదు, దాన్ని సెప్టెంబర్‌కి జరిపారు. ఎండలో, సీజన్ మొదట్లో... పెళ్ళికి ముందే అప్పగింతలు పెట్టినట్టు! వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

దానికి తోడు అంకుల్ మనవడు రోహన్ సంగతి. వాడు కిక్కర్, అంటే బంతిని గోల్‌పోస్టుల మధ్యకి తన్నే ఆటగాడు. తాత యూనివర్సిటీకే ఆడాలని తొమ్మిదో క్లాసు నుంచీ వాడి కోరిక. అక్కడి కోచ్ ఇంటికొచ్చి, ఆంటీ చేసిన ఉప్మా తిని, టీమ్‌లో చోటుందని చెప్పి వెళ్ళాడు. మిగతా కాలేజీలూ ఒక్కొక్కటే జారుకుని పాత కాన్ఫరెన్స్ చెల్లాచెదురయ్యాక ఆ కోచ్ వేరే కాలేజీకి వెళ్ళిపోయాడు. కొత్తాయన హైస్కూల్ పిల్లలు వద్దని, వేరేచోట రెండేళ్ళు ఆడినవాణ్ణి తెచ్చుకున్నాడు. రోహన్ ఇప్పుడు రెండు రాష్ట్రాల అవతల, పేరైనా వినని కాలేజీకి ఆడుతున్నాడు. తాత స్టాండ్స్‌లో కూర్చుని చూసే యోగం లేదు.

ఈసారి మ్యాచ్‌కి ముందు నాన్న నా ఎదుటే స్పీకర్‌లో ఫోన్ చేశారు. "బావగారూ, శనివారం వస్తున్నారా? వేణ్ణీళ్ళు పెట్టించమంటారా?"

అంకుల్ అన్నారు... "రానులే మూర్తీ. సంబంధం తెంచుకుపోయింది మీవాళ్ళేగా. మా రోహన్‌గాడి గతి చూశావుగా... ఇంకా వియ్యమేంటి?"

ఫోన్ పెట్టేసి నాన్న నావైపు తిరిగారు. "వియ్యం కలుపుకున్న ఈ ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదే... నేనేం చేశానే?" అన్నారు. ఎక్కడో ఎవరో సంతకం పెడితే, డెబ్భై ఏళ్ళ పెద్దమనుషులిద్దరు ఇక్కడ మాటలు మానేశారు. ఒకరు అక్కడ అలిగారు, ఒకరు ఇక్కడ కుమిలిపోతున్నారు. ఇద్దరినీ కూర్చోబెట్టి చివాట్లు పెట్టాలనిపిస్తుంది నాకు.

శనివారం నాన్న టీమే గెలిచింది. ఆయన చప్పట్లు కూడా కొట్టలేదు. లేచి బయటికి వెళ్ళారు. ఎంతకీ రాకపోతే వెళ్ళి చూశాను... సాక్సులు విప్పి చేత్తో పట్టుకుని, గుమ్మం బయట నిలబడి ఉన్నారు. రాగిచెంబు తెస్తే, "నువ్వు కాదమ్మా" అని చెప్పులేసుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు.

మీకూ ఏదో ఒక ఆట కలిపిన చుట్టరికాలు ఉండే ఉంటాయి. ఇంకా నిలిచి ఉన్నవైనా, తెగిపోయినవైనా కింద రాయండి... అన్నీ చదువుతాను.

రమణారావు అంకుల్ కూడా ఈ గ్రూప్‌లోనే ఉన్నారు. లైక్ కొట్టరు గానీ అన్నీ చదువుతారు. అంకుల్... ఈసారి ఓడింది మీరే. చెంబు గుమ్మం దగ్గరే పెట్టి ఉంచాను.